మబ్బన్న మళ్ళీ మొదట్నుంచి

నేను ఉదయగిరి నుంచి ఆత్మకూరుకు కోడలిగా వచ్చిన కొత్తలో ఆ ఇంట్లో నాకు దొరికిన మొదటి పని వంట కాదు, కబుర్లు చేరవేయడం. మా ఆయనా, ఆయన అన్న, అంటే మా బావా, ఒకే కప్పు కింద ఉంటారు. ఒకే కుండలో సంగటి తింటారు. ఆదివారం చర్చిలో ఒకే బెంచీకి చెరో చివర కూర్చుంటారు. కానీ ఒకరితో ఒకరు మాట్లాడుకోరు. "అమ్మాయ్, స్కూటర్ తాళం యాడ ఉండాదో అడుగు" అని బావ నాకు చెబుతాడు. అడగాల్సిన మనిషి పక్కనే, చెయ్యి చాస్తే తగిలేంత దూరంలో ఉంటాడు. నేను మా ఆయన వైపు తిరిగి అదే మాట అడుగుతాను. "గూట్లో ఉండాదని చెప్పు" అంటాడాయన. అది బావకి వినపడదా అంటే శుభ్రంగా వినపడుతుంది. అయినా నేను అటు తిరిగి చెప్పేదాకా బావ అక్కణ్ణించి కదలడు.

నాకు నోరు కాస్త ఎక్కువ. నాలుగు రోజులు చూసి, "మీ ఇద్దరి మధ్యా నేనేమన్నా టెలిఫోను తీగనా?" అని అడిగేశాను. మా ఆయన మొహం పక్కకి తిప్పుకున్నాడు. బావ మాత్రం నవ్వి, "తీగ తెగితే మాకు కష్టం, జాగర్తమ్మా" అన్నాడు.

తొలి కాన్పుకి పుట్టింటికి వెళ్ళినప్పుడు, నేను లేకుండా వీళ్ళు ఎలా నెట్టుకొస్తారా అని బెంగపడ్డాను. బిడ్డతో తిరిగొచ్చాక మా అత్త చెప్పింది. "బర్రెతో చెప్పుకున్నారమ్మే. ఒకడొచ్చి దాని మొహాన 'రేపు కరెంటు ఉండదంట' అంటాడు. ఇంకొకడు దానికి గడ్డేస్తా 'అయితే ఇప్పుడే నీళ్ళు పట్టుకోవాల' అంటాడు. పాపం, అది ఇద్దరి మాటా ఇనింది." మేమిద్దరం పడీ పడీ నవ్వాం. నవ్వి నవ్వి మా అత్త కొంగుతో కళ్ళు తుడుచుకుంది. ఆ తుడుచుకోవడం నవ్వు వల్ల మాత్రమే కాదని నాకు తెలుసు.

ఇదంతా ఒక సినిమా వల్ల వచ్చింది. తొంభైల మొదట్లో, నా పెళ్ళికి ముందు, మా ఆయన నెల్లూరులో పెళ్ళి వీడియోల పని నేర్చుకుని వచ్చాడు. వచ్చినవాడు బుద్ధిగా పెళ్ళిళ్ళు తీసుకోకుండా సినిమా తీస్తానన్నాడు. కథ కూడా తనదే. ఉదయగిరి కొండ మీద గొర్రెలు కాసుకునే ఒకడి ఒంట్లోకి ఒక మబ్బు దూరుతుంది. అప్పటినుంచి వాడు మబ్బన్న. ఆపదలో ఉన్నవాళ్ళ మీద ముందు నీడ పడుతుంది, తలెత్తి చూస్తే మబ్బన్న నిలబడి ఉంటాడు. మా మెట్ట ఊళ్ళల్లో మబ్బు కనిపించడమే పెద్ద విశేషం, అందుకని కథ బాగుందని నేను ఇప్పటికీ అంటాను. చిక్కల్లా పేరుతోనే. మబ్బుగా ఉన్నాడంటే మందకొడిగా ఉన్నాడని కదా అర్థం. హీరో వేషం కట్టిన బావని ఊళ్ళో కుర్రాళ్ళు "ఏం మబ్బన్నా, నిద్ర లేచినావా?" అని ఆటపట్టించేవారట.

అప్పటికి బావకి సైకిళ్ళ షాపు ఉండేది. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్న మనిషి. తమ్ముడంటే ప్రాణం, తమ్ముడు నిలబడమన్న చోట నిలబడ్డాడు, ఎక్కమన్న చోట ఎక్కాడు. సినిమాలో మబ్బన్న ఎక్కడికి వెళ్ళినా ఒకే మాట అంటాడు. "భయపడకు. నేనున్నాను." ఆ మాట మా ఆయన బుర్రలోంచి పుట్టింది కాదు. చిన్నప్పుడు ఆయనకి నీళ్ళంటే వణుకు. పొలం బావిలో ఈత నేర్పుతూ, పొట్ట కింద అరచెయ్యి పెట్టి పట్టుకుని, బావ అన్న మాట అది. "భయపడబాకరా, నేనుండాను." మా అత్త గట్టు మీద కూర్చుని విన్నదట. సినిమాకి రాసుకునేటప్పుడు మా ఆయన దాన్ని చక్కగా ఇస్త్రీ చేసి రాసుకున్నాడు.

ఉదయగిరి కోట గోడ మీద నిలబడి బావ ఆ మాట అనాలి, అని కింద పరిచిన గడ్డి మీదకి దూకాలి. బావ నోట 'ఉన్నాను' రాలేదు. 'ఉండాను' అనే వచ్చింది. "ఉండాను కాదన్నా, ఉన్నాను. సినిమాలో ఎవురన్నా ఉండాను అంటారా? ఇంకొక్కసారి" అన్నాడు మా ఆయన. బావ మళ్ళీ ఎక్కాడు, మళ్ళీ దూకాడు. ఇంకొక్కసారి. దూకిన ప్రతిసారీ గడ్డి అణిగిపోయి పక్కలకి చెదిరింది, దాన్ని ఎవరూ చూసుకోలేదు. చిట్టచివరికి మాట సరిగ్గా వచ్చింది. కాలు సరిగ్గా పడలేదు. బావ పెట్టిన అరుపుకి మా ఆయన ఉలిక్కిపడితే భుజం మీది అద్దె కెమెరా జారి కింద పడింది. మా ఆయన ముందు వంగి కెమెరాను ఎత్తుకున్నాడు. అద్దం పగిలిందేమోనని తిప్పి చూసుకున్నాడు. ఆ తర్వాత అన్న దగ్గరికి పరుగెత్తాడు.

కాలు అతుక్కుంది గానీ కాస్త పొట్టిదైంది. ఒకసారి మజ్జిగ ఇవ్వడానికి వెళ్ళి, ఒక కాలి కోసం తోడబుట్టినవాడితో ఇన్నేళ్ళు మాట్లాడకుండా ఉంటారా అని బావని నిలదీశాను. ఆయన కోప్పడలేదు. "కాలిరిగినందుకు కాదమ్మా. కాలు ఇరగతాది, అతుక్కుంటాది. వాడు ముందు దాన్ని ఎత్తుకున్నాడు" అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి నా చేతికిచ్చి పనిలో పడ్డాడు. మా ఆయనకీ ఆ సంగతి తెలుసు. తెలిసి కూడా ఏమీ అనలేకపోయాడు. క్షమించు అనే మాట మా ఇళ్ళల్లో ప్రార్థనలో తప్ప వాడరు.

కాలు అలా అయ్యాక బావ సైకిళ్ళ షాపు మూసి మైకు పని పట్టాడు. ఆటోకి మైకు హారన్లు కట్టి, లోపల కూర్చుని ఊరూరా ప్రచారం చేసేవాడు. సువార్త కూటాలూ, కొత్త బట్టల షాపులూ, పశువుల టీకాలూ, ఏదైనా సరే. అటు కలువాయి నుంచి ఇటు వింజమూరు, జలదంకి దాకా ఆ గొంతు తెలియనివాళ్ళు లేరు. "కావున యావన్మంది ప్రజలు విచ్చేసి జయప్రదం చేయవలసిందిగా కోరుచున్నాము" అంటుంటే వీధిలో నీళ్ళు పట్టుకునే ఆడవాళ్ళు బిందె కింద పెట్టి వినేవారు. గోడ మీద ఒక్క మాట తిరగక కాలు పోగొట్టుకున్న మనిషి, మైకు ముందు ఒక్క 'ఉండాది' కూడా దొర్లనిచ్చేవాడు కాదు. మైకు ఆపగానే "యాడుండాదిరా ఇక్కడ టీ కొట్టు?" అనేవాడు.

తొంభైల చివరికొచ్చేసరికి మా ఆయన ఊళ్ళో కేబుల్ నడుపుతున్నాడు. సొంత కెమెరా ఉంది. టీవీలో ఎవరో ఎగిరే వీరుడు వచ్చే రోజు పిల్లలందరూ మెడకి తువ్వాళ్ళు కట్టుకుని అరుగుల మీంచి దూకేవారు. మా వాడు కూడా దూకి మోచెయ్యి గీరుకుని వచ్చి, "నాయనా, మనూళ్ళో అట్టాంటోడు ఎవురూ లేరా?" అని అడిగాడు. మా ఆయన వాడి చేతికి మందు రాశాడు. ఆ తర్వాత నా దగ్గరికి వచ్చి, "మబ్బన్నని మళ్ళీ తీస్తా" అన్నాడు. పాత టేపు మీద ఎప్పుడో ఎవరి పెళ్ళో ఎక్కించేశాడు, అందులో మిగిలింది ఏమీ లేదు. "అతుకులేసేది లేదు. మళ్ళీ మొదట్నుంచి తీస్తా. క్రిస్మస్‌కి కేబుల్‌లో ఏస్తా."

"ఇప్పుడెందుకయ్యా ఆ గోల?" అన్నాను. నాకు నిజంగానే భయం వేసింది.

"దాన్ని సగంలో వదిలేసినాను గదా. పూర్తి చేసి చూపిస్తే, ఆయన ఒక్కసారన్నా నన్ను 'ఏరా' అంటాడేమో." అలా అని తల వంచుకున్నాడు. అంత మనిషి అలా అడుగుతుంటే నేను కాదనలేకపోయాను.

తీగను నేనే కాబట్టి కబురూ నేనే మోశాను. "మబ్బన్నని మళ్ళీ తీస్తాడంట బావా." బావ హారను విప్పి తుడుస్తున్నాడు. "తీసుకోమను" అన్నాడు, తల ఎత్తకుండా.

కొత్త హీరో ఒక బడిలో డ్రిల్లు మాస్టారు. ఛాతీ, భుజాలూ చూస్తే సాక్షాత్తూ మబ్బన్నే. నోరు తెరిస్తే మాత్రం కోడిపిల్ల. "ముందు బొమ్మ కానీ, గొంతు సంగతి తర్వాత చూద్దాం" అన్నాడు మా ఆయన. వేషం కుట్టే పని నాది. నీలం శాటిన్ తెచ్చి, వీపు మీద వేలాడే గుడ్డ పాదాల దాకా కుట్టాను. వాకిట్లో తొడిగి చూస్తే గాలికి ఆ గుడ్డంతా మాస్టారి మొహం మీద పడి చుట్టుకుంది. ఆయన గుడ్డలోంచి చేతులాడిస్తుంటే మా అత్త "మబ్బు పట్టిందే" అని ఒకటే నవ్వు. బావ అరుగు మీద కూర్చుని ఇదంతా చూశాడు. మర్నాడు నా మిషను మీద గుప్పెడు సైకిల్ వాషర్లు ఉన్నాయి. గడప దగ్గర బావ నిలబడ్డాడు. "అంచులో ఇయ్యేసి కుట్టమ్మా. బరువుకి ఎనక్కి ఎగురతాది, మొహం మీద పడదు." ఇది వాడికి చెప్పు అనలేదు. నేను కూడా చెప్పలేదు. అయినా మా ఆయన అంచు తడిమి చూసి, వాషరు చేతికి తగలగానే ఆగిపోయాడు.

షూటింగంతా నా పుట్టిన ఊళ్ళో, ఉదయగిరిలో. మా అమ్మ అందరికీ పులిహోర కలిపి కొండ కిందికి పంపేది. నేను మా రెండో బిడ్డని ఎత్తుకుని, గొడుగు పట్టుకుని పక్కనే ఉండేదాన్ని. అప్పుడు చూశాను మా ఆయన కొత్త పద్ధతి. కోట గోడ ఎక్కుతానని మాస్టారు ఉబలాటపడితే ససేమిరా అన్నాడు. గోడని ఒకసారి విడిగా తీశాడు. తర్వాత మాస్టారిని ముక్కాలి పీట మీద నిలబెట్టి, తను నేల మీద పడుకుని కెమెరా పైకెత్తి, "ఇప్పుడు దూకండి మాస్టారూ" అన్నాడు. పీట కింద రెండు పరుపులు. దూకాక ముందు వెళ్ళి మాస్టారి మోకాళ్ళు చూసేవాడు. కెమెరా దుమ్ములో పడి ఉండేది. ఇంకో సంగతేమిటంటే, ఏదైనా ఒక్కసారే తీసేవాడు. మాట మర్చిపోయినా, మధ్యలో మేక అరిచినా, "చాల్లే, బాగుండాది" అనేసేవాడు. ఇంకోసారి తీద్దామని మాస్టారే బతిమాలినా ఒప్పుకునేవాడు కాదు. అందువల్ల సినిమాలో మేకలు చాలా ఉన్నాయి.

ఇంటికొచ్చి ఈ సంగతులన్నీ అన్నం వడ్డిస్తూ గట్టిగా చెప్పేదాన్ని, బావకి వినపడాలని. "పీట మీంచి దూకే మబ్బన్నా!" అని బావ నవ్వాడు. ఆ తర్వాత, "కింద పరుపులు ఏసినాడా?" అని అడిగాడు. "రెండు" అన్నాను. తల పంకించి అన్నం కలుపుకున్నాడు.

ఎగిరే ముక్కలకి ఆకాశం అతికించే మిక్సింగ్ మాత్రం నెల్లూరులో చేయించాడు. మిక్సింగ్ అతనికి తెలిసిందల్లా పెళ్ళిళ్ళు. మబ్బన్న ఆకాశంలో చేతులు చాచి వెళుతుంటే చుట్టూ గుండె ఆకారం గీసి, పైనుంచి గులాబీ రేకులు రాల్చాడు. అలవాటులో పడి చేశానన్నాడట. మా ఆయన తల పట్టుకున్నాడు. పిల్లలకి వేసి చూపిస్తే వాళ్ళు ఆ గుండెకి ఏమీ అనలేదు, మాస్టారి గొంతు వినగానే పడి దొర్లారు. కోడిపిల్ల గొంతుతో మబ్బన్న ఎవరిని కాపాడతాడు?

ఎవరి గొంతు కావాలో ఇంట్లో అందరికీ తెలుసు. మా ఆయన అడగడు. నన్ను అడగమనీ అనడు. చూసి చూసి నేనే బావ దగ్గరికి వెళ్ళాను.

"వాడు అడగమన్నాడా?"

"లేదు బావా."

"మరి నువ్వెందుకు అడగతా ఉండావు?"

"శాటిన్ అంతా కుట్టింది నేను. నా కష్టం కోడిపిల్ల పాలు కావాల్నా?"

బావ పగలబడి నవ్వాడు. ఆదివారం చర్చి అయినాక వస్తానన్నాడు.

కేబుల్ గదికి కిటికీలు మూసి బొంతలు కట్టాం. శబ్దం వస్తుందని ఫ్యాను ఆపేశాం. మా ఆయన టీవీ ముందు, టేపు మిషను మీద చెయ్యి పెట్టుకుని. ఆయన వెనక మైకు ముందు బావ. ఇద్దరి మధ్యా చెమటలు కారుతూ నేను. టేపు తిరుగుతుంటే బొమ్మ చూస్తూ మాట చెప్పాలి, ఆ మాట టేపు మీదకి ఎక్కుతుంది. "ఎర్ర లైటు వెలిగినాక మొదలు పెట్టమను." "సరేనని చెప్పు." ఇలా నడిచింది పని.

బావి దృశ్యం వచ్చింది. చిన్నపిల్ల ఒకతి నీళ్ళల్లో మెడ దాకా మునిగి ఏడుస్తుంటుంది. నీడ పడుతుంది. గట్టు మీద మబ్బన్న నోరు కదుపుతాడు.

"భయపడకు. నేనున్నాను" అన్నాడు బావ.

గదంతా నిండిపోయింది ఆ గొంతు. పలుకు పుస్తకంలో అచ్చేసినట్టుంది. మా ఆయన టేపు ఆపాడు, వెనక్కి తిప్పాడు. టీవీ వైపే చూస్తూ, "ఇంకొక్కసారి చెప్పమను" అన్నాడు.

షూటింగంతటా ఆ మాట ఆయన నోట రాలేదు. బావ మైకు కడ్డీ పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది.

"బాగలేదా అని అడుగు" అన్నాడు బావ.

"బాగుండాదని చెప్పు. శానా బాగుండాది. అయితే..." మా ఆయన టీవీ అద్దం మీది దుమ్ము తుడిచాడు. "అట్ట వద్దని చెప్పు. బాయి కాడ అన్నట్టు అనమను. నేనే తప్పు రాసినానని చెప్పు."

నేను బావ వైపు తిరిగాను. చెప్పాలి. చెప్పడం నా పని. నోరు తెరిచాను. బావ చెయ్యెత్తి నన్ను వద్దని ఆపాడు. వాళ్ళిద్దరి మధ్యా, నేనుండగా, నేను మోయకుండా చేరిన మొదటి కబురు అదే.

టేపు తిరిగింది. ఎర్ర లైటు వెలిగింది. పిల్ల ఏడుస్తోంది. బావ టీవీ వైపు చూడటం లేదు, ముందు కూర్చున్న తమ్ముడి మెడ వైపు చూస్తున్నాడు.

"భయపడబాకరా. నేనుండాను."

అది మైకు గొంతు కాదు. మా ఆయన టేపు ఆపడం మర్చిపోయాడు. దాని తర్వాత వచ్చే మేకల గుంపంతా మాట లేకుండా తిరిగిపోయింది. చివరికి బావే గొంతు సవరించుకుని, "మిగిలినవి కానిద్దామా అని అడుగమ్మా" అన్నాడు.

ఇంటికి నడుస్తూ మా ఆయన దారంతా ఒకటే అడిగాడు. "అది నాతో అన్నాడా? లేకపోతే మబ్బన్న మాటేనా?"

"ఆడపిల్లనైతే 'భయపడబాకమ్మే' అంటాడు గదయ్యా. 'రా' అంటాడా?"

"పొరపాటున వచ్చిందేమో."

మైకు పట్టుకున్నాక బావ పొరపడటం నేనెప్పుడూ చూడలేదు. కానీ ఆ మర్నాడూ, ఆ తర్వాతా ఇంట్లో "చెప్పు", "అడుగు" అలాగే నడిచాయి. మా ఆయన ఆశ పడటమూ, మళ్ళీ తనని తనే తిట్టుకోవడమూ చూసి నాకు బావ మీద మండుకొచ్చింది. పోయి కడిగేద్దామనుకున్నాను. మా అత్త ఆపింది. "ఉండమ్మే, బిడ్డలు ఈదేటప్పుడు మద్దిలో పోబాక" అంది.

క్రిస్మస్ నాడు చర్చి నుంచి వచ్చాక సినిమా వేశారు. వీధి పిల్లలంతా మా ఇంట్లోనే. మాస్టారు కొత్త చొక్కా వేసుకుని కుర్చీలో కూర్చున్నాడు. గుండెలూ గులాబీలూ రాగానే గోల, మేకలు వస్తే గోల. బావి దృశ్యం వచ్చింది, బావ గొంతు వినిపించింది. పిల్లలు అప్పుడు గప్‌చిప్‌గా ఉన్నారు. మాస్టారు మాత్రం ఇబ్బందిగా కదిలాడు. "ఆడపిల్లని పట్టుకుని 'రా' అంటే ఎట్టా సార్? సరి చేయలేదా?" అన్నాడు.

"అది అట్నే ఉండాల మాస్టారూ" అన్నాడు మా ఆయన.

వెల్లుల్లి ఒలుస్తున్న మా అత్త చేతులు ఆగిపోయాయి. "ఇది బాయి కాడి మాట గదంట్రా" అంది, ఎవరి వైపూ చూడకుండా. బావ లేచి కుంటుకుంటూ పెరట్లోకి వెళ్ళి చేతులు కడుక్కుని వచ్చాడు.

అందరూ వెళ్ళాక అన్నాలకి కూర్చున్నాం. సంగటీ, వేటకూరా. కూర గిన్నె మా ఆయన దగ్గర ఉంది. బావ సంగటి ముద్దలో గుంట చేసి, తలెత్తాడు.

"ఏరా, ఆ కూర ఇట్టా జరుపు."

నేను అలవాటు కొద్దీ "కూర గిన్నె..." అంటూ మా ఆయన వైపు సగం తిరిగాను. అప్పటికే ఆయన గిన్నె జరుపుతున్నాడు. ఆ తొందరలో పులుసు చాప మీద ఒలికింది.

"నిదానంరా" అన్నాడు బావ.

నేను మళ్ళీ నా కంచం వైపు తిరిగి సంగటి కలుపుకున్నాను.